వెనుకగోడ లేని కోట

ఏటి ఒడ్డున తడి ఇసుకలో పాదము నుంచి, దానిపై మరికొంత ఇసుక కప్పి, మెల్లగా పాదమును వెనుకకు తీసి పిచ్చుకగూడు కట్టని పిల్లవాడు ఉండడు. ఆ గూటికి ఒక ద్వారము, ద్వారము ముందు ఒక కాలువ, కాలువ ఒడ్డున వేపపుల్లల తోట వెలయును. సాయంకాలమునకు అది కూలిపోవును. కూలినందులకు ఎవరును దుఃఖింపరు. మరునాడు మరల కట్టవచ్చును గదా! కట్టుటయందు ఎంత సంతోషము కలదో కూల్చుటయందును అంత సంతోషమే కలదు. ఈ సంతోషమును పెట్టెలో పెట్టి అమ్మవచ్చునని డెన్మార్కు దేశమున ఒక వడ్రంగి కుటుంబము కనిపెట్టినది. అట్టి పెట్టెలను కూడబెట్టి, వాటి గుణదోషములను వ్రాయుట వ్యసనముగా పెట్టుకొన్న ఒకానొకని ముచ్చట ఇది.

ముందుగా ఆ వడ్రంగిని గూర్చి చెప్పవలెను. డెన్మార్కులోని జట్లాండు ప్రాంతమున బిల్లుండ్ అను చిన్న ఊరు కలదు. అచ్చట ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అను నాతడు ఇండ్లకు వలసిన తలుపులు, కిటికీలు చేసి జీవించుచుండెను. 1924లో ఆయన కుమారులు వెలిగించిన నిప్పు చెక్కపొట్టుకు అంటుకొని ఇల్లును, పనిశాలయు కాలిపోయినవి. మరల కట్టుకొనెను. అంతలో ప్రపంచమంతట ఆర్థికమాంద్యము వచ్చినది. ఇండ్లు కట్టువారే లేనప్పుడు తలుపులు ఎవరికి కావలెను? 1932లో ఆయన చెక్కబొమ్మలు చేయుటకు పూనుకొనెను. కొంతకాలమునకు తన బొమ్మలకు ‘లెగో’ అని పేరు పెట్టెను. ‘లెగ్ గోట్’ అను రెండు డేనిష్ మాటల మొదళ్లను కలిపిన పేరది. ‘చక్కగా ఆడుకొనుము’ అని దానికి అర్థము.

ఆ దినములలో జరిగిన ఒక సంగతిని ఆ సంస్థవారు నేటికిని చెప్పుకొందురు. ఓలె కిర్క్ కుమారుడైన గోట్‌ఫ్రెడ్ చెక్కబాతులను పెట్టెలలో సర్ది రైలుస్టేషనుకు చేర్చి వచ్చి, ఆనాడు తాను కొంత డబ్బు మిగిల్చితినని తండ్రితో సంతోషముగా చెప్పెను. ఎట్లు మిగిల్చితివని తండ్రి అడిగెను. బాతులకు మూడు పూతలు వార్నీషు వేయుట వాడుక. తాను రెండు పూతలతో సరిపెట్టితినని కుమారుడు చెప్పెను. తండ్రి వెంటనే ఆ పెట్టెలను స్టేషనునుండి తిరిగి తెప్పించి, మూడవ పూత వేసి మరల అప్పగించిన తరువాతనే నిద్రపొమ్మని ఆజ్ఞాపించెను. రాత్రి యెంత పొద్దుపోయినను సరే, ఆ పని అతడొక్కడే చేయవలెను. చేసెను. ఈ మూడవ పూత మాటను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ముందు దానితో పని కలదు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ వడ్రంగి ప్లాస్టిక్‌ను పోతపోయు యంత్రమును కొనెను. చెక్కపని చేయువానికి ఇది ఎంత సాహసమో ఊహింపవచ్చును. అంతకుముందే ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్ అను నాతడు ఒకదానిలో ఒకటి ఇముడు ప్లాస్టిక్ ఇటుకలను చేసి అమ్ముచుండెను. వాటిని చూచి, కొంత మార్చి, 1949లో బిల్లుండ్‌వారును ఇటుకలను చేసిరి. కాని అవి లోపల డొల్ల. ఒకదానిపై ఒకటి కూర్చుండునేగాని గట్టిగా పట్టుకొనవు. కోట కట్టి ఎత్తబోయిన చేతికి పైభాగము మాత్రమే వచ్చును. ఈ లోపమును తీర్చినవాడు ఆ రెండు పూతల గోట్‌ఫ్రెడే. ఇటుక అడుగున లోపలివైపు గుండ్రని గొట్టములను అమర్చినచో, క్రింది ఇటుకమీది బొడిపెలు ఆ గొట్టములకును ప్రక్కగోడలకును నడుమ చిక్కుకొని కదలకుండును. 1958 జనవరి 28న దీనిపై హక్కుపత్రమునకు దరఖాస్తు పెట్టిరి. ఆ యేటనే ఓలె కిర్క్ మరణించెను. నాటి ఇటుకకు నేటి ఇటుక అతుకును. తాత ఆడిన ముక్కపై మనుమడు తన ముక్కను నిలుపవచ్చును. ఇట్టి మర్యాద తెలిసిన వస్తువులు లోకమున మిక్కిలి తక్కువ.

ఎనిమిది బొడిపెలు గల ఒకే రంగు ఇటుకలు రెండింటిని ఇరువదినాలుగు విధములుగా కలుపవచ్చును. మూడింటిని 1,060 విధములుగా కలుపవచ్చును. ఆరింటిని ఎన్ని విధములుగా కలుపవచ్చునో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయపు గణితశాస్త్రజ్ఞులు కంప్యూటరు సాయమున లెక్కించి 91,51,03,765 అని తేల్చిరి. ఆరు ఇటుకలు పిల్లవాని పిడికిలిలో పట్టును.

ఇక కోటల సంగతి. 1978లో ఆ సంస్థవారు మొదటిసారిగా ఒక పెద్ద కోట పెట్టెను అమ్మకమునకు పెట్టిరి. అందు 767 ముక్కలు, పదునలుగురు చిన్న మనుష్యులు ఉండిరి. పైకి లేచు వంతెన, నాలుగు మూలల బురుజులు, కవచములు తొడిగిన వీరులు అందు కలరు. గుర్రములు మాత్రము పోతబొమ్మలు కావు. వాటినికూడ ఇటుకలతోనే కట్టుకొనవలెను. కోట అంతయు పసుపుపచ్చన! రాతికోట పసుపుపచ్చగా నుండుట యేమని అడుగవచ్చును. బూడిదరంగు ఇటుకలు విరివిగా ఇచ్చినచో పిల్లలు యుద్ధశకటములు కట్టుదురేమోయని ఆ సంస్థవారు శంకించిరని చెప్పుదురు. 1984 నాటికి ఆ శంక సడలి, కోటలు రాతిరంగునకు వచ్చినవి. ఆ చిన్న మనుష్యుల ముఖములు మరియొక విచిత్రము. రెండు నల్లని చుక్కలు, ఒక చిరునవ్వు, అంతే. కోటను ముట్టడించువాడును నవ్వును, చెరసాలలో పడినవాడును నవ్వును. 1989లో సముద్రపు దొంగల బొమ్మలు వచ్చువరకు వారికి కోపమనునది ఎరుకయే లేదు.

తరువాత తరువాత ఆ కోటలలోనికి చరిత్ర తగ్గి కల్పన ప్రవేశించినది. 1990లో చీకటిలో మెరయు దయ్యము వచ్చెను. 1993లో రెక్కల డ్రాగనును, దానిని ఆడించు మాంత్రికుడును వచ్చిరి. 2007లో అస్థిపంజరముల సేన, ఆ మరుసటి యేట గడ్డముల మరుగుజ్జులు కోటలకు చేరిరి. 2015నుండి 2018వరకు ఎల్ఫులను అడవికన్యల కథలతో పెట్టెలు వెలువడినవి. 2023లో రివెండెల్ అను కల్పిత లోయను 6,167 ముక్కలతో చేసి అమ్మిరి. అది పిల్లల డబ్బుతో కొనదగినది కాదు. పిల్లలుగా నున్నప్పుడు కొనలేకపోయిన పెద్దలకొరకు చేసినది.

అట్టి పెద్దలలో ఒకడే మన సేకర్త. జట్లాండులోనే ఒక చిన్న పట్టణమున అతడు నివసించుచున్నాడు. ఎనిమిదేండ్ల ప్రాయమున పొరుగింటి కిటికీలోనుండి ఆ పసుపుపచ్చని కోటను చూచినవాడు. చూచుటయే కాని ముట్టలేదు. పొరుగింటి బాలునితో అతనికి ఆ వారము పోట్లాట. పెరిగి, ఉద్యోగమున కుదిరి, మొదటి జీతము చేతికి వచ్చిన దినముననే పాతసామానుల సంతకు పోయి ఒక ముక్కల సంచి కొనుక్కొనెను. అది మొదలు. కొన్ని యేండ్లకు అతని యింట ఒక గది గోడలన్నియు పెట్టెలతో నిండినవి. ముక్కలను రంగునుబట్టి కాక ఆకారమునుబట్టి సొరుగులలో వేరుచేసి పెట్టెను. ఎర్ర ముక్కల రాశిలో ఎర్ర గొళ్లెమును వెదకుట కష్టమట. గొళ్లెముల రాశిలో ఎర్రదానిని ఏరుట తేలికయట. సంసారమున సామాను సర్దువారందరికిని పనికివచ్చు మాట యిది.

సేకర్తలలో రెండు తెగలు కలవు. పెట్టెను విప్పనివారు, విప్పువారు. విప్పని పెట్టెకు కాలము గడచినకొలది వెల హెచ్చును. మూత చీల్చిన క్షణమున ఆ వెల పడిపోవును. అందుచేత కొందరు వాటిని బంగారు నాణెములవలె దాచుదురు. మన యిండ్లలో కొలువుబొమ్మలను ఏడాదియంతయు గుడ్డలలో చుట్టి పెట్టెలో దాచుదురు. అయినను సంక్రాంతికి అవి మెట్లెక్కి తీరును. ఆ సేకర్తల పెట్టెలకు ఏ సంక్రాంతియు రాదు. మన సేకర్త రెండవ తెగవాడు. విప్పని పెట్టెలో కోట లేదు, కోట బొమ్మ మాత్రమే కలదని అతని వాదము.

అతడు సేకర్తల సంఘమువారి చిన్న పత్రికలో సమీక్షలు వ్రాయుచుండెను. అతని పద్ధతి చిత్రమైనది. మొదట మేజాపై తెల్లని గుడ్డ పరచి ముక్కలన్నిటిని లెక్కించును. తరువాత సూచనల పుస్తకమును చూచుచు నిదానముగా కట్టును. ఎచ్చట తికమకపడెనో ఆ పుట సంఖ్యను వ్రాసికొనును. కట్టినదానిని తలక్రిందులు చేసి నెమ్మదిగా ఊపును. రాలిన ముక్కలను లెక్కించును. వంతెనను నూరుమారులు లేపి దించును. రంగు ముక్కకును ముక్కకును సమానముగా నున్నదా, చిత్రములు ముక్కపైననే అచ్చువేసిరా లేక అంటించుకొను కాగితములు ఇచ్చిరా యని చూచును. కాగితములు ఇచ్చినచో అతనికి కోపము. పదేండ్లకు అవి పగిలి లేచిపోవునట. ఇవన్నియు ముగిసిన తరువాత, కోటను మెట్లు దిగి పొరుగువారి పిల్లలకు ఒక వారము అప్పగించును. వారము పిదప వారు తిరిగి ఇచ్చినదానిని చూచి చివరి మాట వ్రాయును. ఈ చివరి పరీక్షకు అతడు పెట్టుకొన్న పేరు ‘మూడవ పూత’. పెద్దవాడు నూరుమారులు వంతెన నెత్తి కనిపెట్టలేని లోపమును పిల్లవాడు ఒక్క ముట్టడిలో బయటపెట్టునని అతని అనుభవము.

మొదటి ఇటుక హక్కుల గడువు తీరిన తరువాత లెగోవారే కాక ఇతర సంస్థలును అట్టి ఇటుకలను చేయుచున్నవి. 2016 శీతకాలమున, క్రిస్మసుకు మూడు వారములు ముందు, ఒక వర్తకుడు అట్టి సంస్థ చేసిన కొత్త కోటను మన సేకర్తకు ఉచితముగా పంపెను. మాంత్రికుని కోట అది. శిఖరముపై డ్రాగను చుట్టుకొని యుండెను. పండుగకు ముందే సమీక్ష వెలువడవలెనని వర్తకుని కోరిక. పత్రిక అచ్చుకు పోవుటకు రెండే దినములు కలవు. పొరుగు పిల్లలు తాతగారి ఊరికి వెళ్లియుండిరి. ఇతడు ఒక్క రాత్రి కూర్చుండి కట్టెను. వంతెనను పదిమారులు మాత్రము ఎత్తెను. ముందునుండి చూచినచో కోట మహాద్భుతముగా నుండెను. వెనుకనుండి చూచినచో గోడయే లేదు, గదులన్నియు బట్టబయలు.

ఆ సంగతి అతడు ఎరుగకపోలేదు. కట్టినవాడు తానే గదా! ఆటకొరకు చేయు కోటలలో పెక్కింటికి వెనుకభాగము తెరిచియుండుట కలదు. చేయి లోపలికి పోవలెను గనుక అది తప్పుకాదు. కాని ఈ పెట్టెమీది బొమ్మ కోటను నలువైపుల గోడలున్నట్లే చూపుచుండెను. అదియు అతడు చూచెను. చూచి, కొంతసేపు కలము పట్టుకొని కూర్చుండి, ‘లోపలి గదులు చేతికి మిక్కిలి సులభముగా అందును’ అని వ్రాసెను. ఆ వాక్యమున అబద్ధము ఒక్క అక్షరమైనను లేదు. అబద్ధమాడువానికంటె నిజమును ఇట్లు ముడిచి చెప్పువాడు ఎక్కువ అపాయకరుడు. ఏలయన, అతనిని పట్టుకొనుట కష్టము.

జనవరి నెలలో పత్రికవారి ద్వారా అతనికి ఒక ఉత్తరము వచ్చినది. గీతల కాగితముపై పదేండ్ల బాలుడు పెన్సిలుతో వ్రాసినది. పొరుగువారి తోటలలో రాలిన ఆకులు ఊడ్చి, వారి కుక్కలను త్రిప్పి, శరత్కాలమంతయు కూడబెట్టిన డబ్బుతో ఆ కోటను కొనుక్కొంటినని వ్రాసెను. తండ్రి మరియొక పెట్టె కొనుమన్నను, మీ సమీక్షను చూపి ఒప్పించితినని వ్రాసెను. డ్రాగను చాల బాగున్నదట. వంతెన కీలు రెండవ దినమున విరిగినదట. అందులకు తాను దారము కట్టుకొనెనట. ఉత్తరము చివర ఒక ప్రశ్న కలదు: ‘అయ్యా, మీరు కోటల సంగతి తెలిసినవారు. వెనుకనుండి శత్రువులు వచ్చినచో నేనేమి చేయవలెను?’

నింద యొక్కటియు లేదు. అతడు నిజముగా సలహా అడిగెను. ఆ రాత్రి సేకర్తకు నిద్ర పట్టలేదు. బాలుడు తిట్టియుండినచో సమాధానము చెప్పుకొనవచ్చును. గడువు తక్కువ యనవచ్చును, పిల్లలు ఊరిలో లేరనవచ్చును. సలహా అడిగినవానికి ఏమి చెప్పవలెను?

మరునాడు అతడు పత్రికా సంపాదకునివద్దకు పోయి, తన సమీక్షను తానే ఖండించుచు వ్రాసిన కాగితములను ఇచ్చెను. సంపాదకుడు చదివి, తల గోకికొని, ‘ఇది అచ్చువేసినచో ఆ వర్తకుడు ఇకమీదట పెట్టెలు పంపడు. వానిని చూచి ఇతరులును మానుదురు. లోకమున ఈ సంగతి ఎవరికిని పట్టలేదు గదా’ అనెను. ఆ మాట అసత్యము కాదు. పెట్టెల వెల మిక్కిలి ఎక్కువ; ఉద్యోగి జీతముతో ఏటికి రెండుమూడింటికంటె కొనుట సాధ్యము కాదు. సమీక్షలు తగ్గినచో పత్రిక చదువువారును తగ్గుదురు. సేకర్త తన కాగితములను వెనుకకు తీసికొనలేదు. అవి తరువాతి సంచికలో అచ్చుపడినవి. వెనుక గోడ లేదనియు, పెట్టెమీది బొమ్మ దానిని దాచినదనియు, వంతెన కీలు బలహీనమనియు, తాను మూడవ పూత వేయలేదనియు అందు స్పష్టముగా ఉండెను. సంపాదకుడు చెప్పినట్లే జరిగినది. వర్తకుడు ఒక పొడి ఉత్తరము వ్రాసి ఊరకుండెను. పెట్టెలు రాలేదు.

అతడు నాటినుండి ఏటికి రెండో మూడో పెట్టెలు తన డబ్బుతో కొని, వాటిని గూర్చియే వ్రాయుచున్నాడు. 2022లో లెగోవారు తమ తొంబదియేండ్ల పండుగకు 4,514 ముక్కల సింహధ్వజుల కోటను వెలువరించినప్పుడు, అతని సమీక్ష మిగిలినవారందరికంటె నాలుగు నెలలు ఆలస్యముగా వచ్చినది. ఆ కోటను రెండుగా విప్పి లోపల ఆడుకొనవచ్చును, మూసినచో నాలుగు వైపుల గోడలే. అతడు మొట్టమొదట వ్రాసినది వెనుకగోడను గూర్చి.

ఇక ఆ బాలుని సంగతి. ఖండన వ్రాసినంత మాత్రమున బాలునికి గోడ రాదు. సేకర్త తన సొరుగులను వెదకి, గోడకు వలసిన ఇటుకలను లెక్కించి తీసెను. ఆ కోటకు ఈ ఇటుకలును అతుకును. అయితే చిక్కొకటి వచ్చినది. లెగోవారు 2004 ప్రాంతమున తమ బూడిదరంగును మార్చి కొంత నీలిచాయ కలిపిరి. కొత్త కోటలన్నియు ఆ చాయలోనే వచ్చుచున్నవి. సేకర్తవద్ద నున్నవి ప్రాత బూడిదరంగువి, కొన్ని ఎండకు పసుపుబారినవి. మూడు గోడలు ఒక రంగు, నాలుగవది మరియొక రంగు. అతని కన్ను దీనిని సహింపదు. రెండు దినములు తటపటాయించి, తుదకు వాటినే సంచిలో కట్టి, వంతెనకు ఒక గట్టి కీలును చేర్చి, ‘రంగు కలియదు, క్షమింపుము’ అని చీటి వ్రాసి పంపెను.

పదునైదు దినములకు జవాబు వచ్చినది. గోడ సరిగా అతికినదట. రంగును గూర్చి బాలుడు ఇట్లు వ్రాసెను: ‘రంగు కలియకపోవుటయే మంచిది. ఈ గోడ మాంత్రికుని తాతగారు కట్టించినది. మిగిలిన కోటను మాంత్రికుడు తరువాత కట్టుకొనెను. అందుచేతనే డ్రాగను ఎప్పుడును ఈ గోడమీదనే నిద్రించును.’